చూడకుండా గీసిన బొమ్మ

మొగ్గల మేడమ్ అన్న పేరు ఆమెకు విద్యార్థులు పెట్టింది. ఎప్పుడు చూసినా చేతిలో ఒక చిన్న గాజు సీసా, సీసాలో స్పిరిట్, స్పిరిట్‌లో నాలుగు మొగ్గలు. కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో ఆమె చేసే పని ఒక్కటే. పువ్వు అండాశయంలో ఆవగింజలో పావు వంతు కూడా ఉండని అండాలు ఎలా పుడతాయో, పుప్పొడి వాటిని ఎలా చేరుకుంటుందో, ఆ తర్వాత గింజ ఎలా మొదలవుతుందో సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మ గీయడం. ఆమె అక్క కోర్టులో టైపిస్టు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే అక్క, “పూలకి పురుడు పోస్తుంది,” అని నవ్వేది.

ఆమె ఇరవై ఎనిమిదో ఏట జరిగిన సంగతి ఇది.

డాక్టరేటు కోసం ఆమె ఎంచుకున్న మొక్క ఊరికి రెండు గంటల ప్రయాణంలో ఉన్న కొండవాలు మీద పెరిగే ఒక పొద. ఎనిమిదేళ్లు ఆకులే. తొమ్మిదో ఏట వాలు మొత్తం ఒక్కసారిగా పూసి, గింజలు రాల్చి, ఎండిపోతుంది. దాని పువ్వు లోపల ఏం జరుగుతుందో అంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ ఏడు అది పూసింది. ఇప్పుడు కాకపోతే మళ్లీ తొమ్మిదేళ్లకే అని ఆమె ఎండనక వాననక కొండ చుట్టూ తిరిగింది.

ఆమె తెచ్చిన మొగ్గల్ని చూడదగినట్టు చేసే మనిషి ఒకాయన ఉండేవాడు. అందరూ ఆయన్ని మైనం బాబాయ్ అనేవారు. మొగ్గల్లోని నీటిని స్పిరిట్‌తో కొద్దికొద్దిగా తీసేసి, కరిగిన మైనంలో నానబెట్టి, ఆ మైనాన్ని దిమ్మెగా గడ్డకట్టించి, కోతయంత్రానికి బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు పలచగా కోసేవాడు. చక్రం తిప్పుతుంటే కత్తి అంచున మైనం రిబ్బనులా జారేది. పక్కన ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోకూడదు. “తుమ్ము వస్తే బయటికెళ్లి తుమ్మి రా అమ్మాయ్, నీ తుమ్ముకి నా పొద్దుటి పనంతా ఎగిరిపోతుంది,” అనేవాడు. పాతికేళ్ల సర్వీసులో ఆయన పాడు చేసిన దిమ్మె ఒక్కటీ లేదని ప్రయోగశాలలో చెప్పుకునేవారు. ఆయన కాదనేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో ఆయనకు కాస్త గర్వం.

ఒక్కటి తప్ప దశలన్నీ దొరికాయి. అండం మొలకెత్తడం, దాని చుట్టూ పొరలు ఎక్కడం, మధ్యలో ఒక కణం పెరిగి పిండకోశంగా మారడం, అందులో ఎనిమిది కేంద్రకాలు కుదురుకోవడం, అన్నీ ఆమె కళ్లారా చూసి గీసుకుంది. మిగిలింది ఆ ఒక్కటి. పుప్పొడి నుంచి బయల్దేరిన సన్నటి నాళం పిండకోశంలోకి ఎటు నుంచి వస్తుందన్నది. దానికోసం ఆమె మొగ్గలకు ముందే గుడ్డసంచులు కట్టి, విచ్చుకున్నాక తానే కుంచెతో పుప్పొడి అద్ది, ఆరేసి గంటలకొకసారి కోసి, కుళ్లకుండా ఉంచే మందులో వేసింది. మొత్తం నలభై రెండు అండాశయాలు. మర్నాడే వడగళ్లవాన పడి వాలు మీద పూలన్నీ నేలపాలయ్యాయి. సీసాల్లో ఉన్నవే మిగిలాయి.

గురువారం సాయంత్రం బాబాయ్ ఆ నలభై రెంటినీ మైనంలో వేసి, ఓవెన్ యాభై ఎనిమిది డిగ్రీల మీద పెట్టాడు. రెండు మూడు రోజులు నిదానంగా నానాలని, తొందరేం లేదని చెప్పాడు. శుక్రవారం ఆయన సెలవు. భార్యకు ఆపరేషన్. గది రెండో తాళంచెవి ఆమెకిచ్చి వెళ్లాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఓవెన్ తెరిచి చూసింది. గిన్నెల్లో మైనం ఒక మూల తెల్లగా పేరుకున్నట్టు అనిపించింది. ఒక అరగంట వేడి పెంచితే సర్దుకుంటుందనుకుని మీట పైకి తిప్పింది. అంతలో పెద్ద ప్రొఫెసర్ పిలుస్తున్నారని కబురొచ్చింది. ఆయన ఆమెకు గైడు. నెలాఖరుకి థీసిస్ చేతిలో పెట్టాలంటూ ఒక్కో అధ్యాయమే అడుగుతూ గంటన్నర కూర్చోబెట్టాడు. అక్కడ నుంచి లేచి ఆమె నేరుగా బస్సు కోసం పరిగెత్తింది. వడగళ్లకి రాలకుండా ఎక్కడైనా ఒకటీ అరా కాయ మిగిలిందేమో చూడాలని. బస్సు ఊరు దాటాక మీట గుర్తొచ్చింది. దిగిపోదామనుకుంది. దిగితే మళ్లీ బస్సు లేదు. కాస్త వేడెక్కినంత మాత్రాన పుట్టి మునిగిపోదులే అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

రెండు రోజులు కొండ దగ్గరే ఉండిపోయి, సోమవారం ఆమె ప్రయోగశాలకు వెళ్లేసరికి బాబాయ్ ఓవెన్ ముందు నిలబడి ఉన్నాడు. థర్మామీటరు తొంభై దాటి ఉంది. గిన్నెల్లో మైనం గోధుమరంగుకు తిరిగింది. అందులో అండాశయాలు మాడిన లవంగాల్లా ఉన్నాయి. ఒకదాన్ని ఆయన సూదితో తాకితే పొడిపొడిగా రాలింది.

ఆయన ఆమె వైపు తిరగకుండానే అన్నాడు. “గురువారం నేనే ఎక్కువ తిప్పేసి ఉంటాను అమ్మాయ్. యాభై ఎనిమిదే పెట్టాననుకున్నా. ఆసుపత్రి ధ్యాసలో ఉన్నాను కదా. ఎలా తిప్పానో ఏమో.”

ఆమె నోరు తెరిచింది. అప్పుడే పెద్ద ప్రొఫెసర్ లోపలికొచ్చాడు. గిన్నెలు చూశాడు. ఎవరి పని ఇది అన్నాడు. బాబాయ్ తల దించుకుని, నాదేనండి అన్నాడు. ఆ క్షణంలో చెప్పి ఉంటే అయిపోయేది. ఆమె చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాటికి ఆ మాట ఇంకా బరువెక్కింది. వారానికి మెమో వచ్చింది. బాబాయ్ పొరపాటు నాదేనని స్వదస్తూరీతో రాసిచ్చాడు. ఆయన సర్వీసు పుస్తకంలో నిర్లక్ష్యం అన్న మాట ఎక్కింది. కోతయంత్రం మీద నుంచి తీసేసి, గాజుసామాను గదిలో సీసాలు కడిగి లెక్కచూసే పనికి వేశారు.

ఇక ఆ దశ బొమ్మ లేకుండా థీసిస్ ఎలా అని ఆమె దిగులుపడుతుంటే పెద్ద ప్రొఫెసర్ తేలిగ్గా తీసేశాడు. ఈ మొక్క చుట్టాలన్నిటిలోనూ నాళం అండం కొసన ఉన్న రంధ్రం నుంచే లోపలికి వస్తుందని, ఇదొక్కటీ వేరే దారి ఎందుకు పడుతుందని, గీసెయ్యమని చెప్పాడు. ఆమె రెండు రోజులు కాయితం ముట్టుకోలేదు. మూడో రోజు గీసింది. చక్కటి బొమ్మ. మిగతా వాటికంటే అదే శుభ్రంగా వచ్చింది.

థీసిస్ టైపు చేసింది అక్కే. బొమ్మ కింద రాయాల్సిన వాక్యం దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. గిన్నెలు మాడాయని మాత్రం చెప్పి చెల్లెలు వలవలా ఏడవడం ఆమె చూసింది.

“ఇది నువ్వు చూశావా?”

“అందరికీ తెలిసిందే అక్కా.”

“నేను అడిగింది అది కాదు.”

చెల్లెలు మిగతా బొమ్మలు వరస పెట్టసాగింది. అక్క టైపు చేసుకుపోయింది.

డాక్టరేటు వచ్చింది. అదే కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఆ బొమ్మ ఒక పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. ఏటా ఆమె కూడా దాన్ని బోర్డు మీద రంగు సుద్దలతో గీసి, నాళం ఇటు నుంచి వస్తుందని చెప్పేది. చెప్పగా చెప్పగా తాను నిజంగానే చూశానేమో అన్నంత అలవాటైపోయింది. బాబాయ్ మాత్రం రోజూ ఎదురుపడేవాడు. గాజుసామాను గది మెట్ల కిందే. తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, బాగున్నావా అమ్మాయ్ అనేవాడు. బాగున్నాను బాబాయ్ అని ఆమె ఆగకుండా వెళ్లిపోయేది. కొన్నాళ్లకు ఆ మెట్లు మానేసి అవతలి వైపు మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఏడేళ్లు అలా సీసాలు కడిగి ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభకు ఆమె జ్వరమని వెళ్లలేదు. జ్వరం లేదు.

తొమ్మిదో ఏడు వచ్చింది. కొండ మళ్లీ పూసింది.

అప్పటికి పెద్ద ప్రొఫెసర్ పోయి నాలుగేళ్లు. వచ్చే ఏడు విభాగానికి ఆమే అధిపతి అవుతుందని అందరూ అనుకుంటున్నారు. ఆ పొద జోలికి ఇక వెళ్లమని అడిగేవాళ్లెవరూ లేరు. అయినా వెళ్లింది. ఒక్కసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుందని. చూస్తే తన బొమ్మే నిజమని తేలుతుంది, అప్పుడు అది అబద్ధం కాకుండా పోతుంది. అదీ ఆమె ఆశ.

మునుపటిలాగే సంచులు కట్టి, పుప్పొడి అద్ది, గంటల ప్రకారం కోసి తెచ్చింది. అసలు తంటా కోత దగ్గర వచ్చింది. బాబాయ్ తర్వాత కోతయంత్రం ముట్టుకున్నవాళ్లు లేరు. దాని మీద ఎవరో కుర్చీ గుడ్డలు పెట్టుకున్నారు. ఆమె నూనె వేసి, కత్తి సానపట్టించి, తానే కూర్చుంది. రిబ్బను రాలేదు. మైనం తునకలు తునకలుగా రాలింది. వచ్చిన నాలుగూ అండం దగ్గరికొచ్చేసరికి చిరిగిపోయాయి. ఉన్న దిమ్మెల్లో మూడో వంతు పది రోజుల్లో పాడుచేసుకుంది. చివరికి బాబాయ్ ఇంటి అడ్రసు ఆఫీసులో అడిగి తీసుకుంది.

సైకిల్ షాపు మీద రెండో అంతస్తు. బాబాయ్ ఇంట్లో లేడు, ఇప్పుడే వచ్చేస్తాడని ఆయన భార్య కూర్చోబెట్టింది. మెట్ల కింద నుంచి చప్పుడు వినిపించింది. తాళం తీసిన చప్పుడు కాదు, లాగి చూస్తున్న చప్పుడు. ఆవిడ నవ్వింది. “కింద గేటుది. మూడుసార్లు లాగితే గానీ పైకి రారు. ‘ఊరెళ్లాలంటే మాకు నరకమే పిన్నీ, నీకేం చెప్పమంటావ్’ అంటుంది మా కోడలు పక్కింటావిడతో. గ్యాసు కట్టానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి తిప్పుతారు. మనవరాలిని కాసేపు ఎత్తుకుని బజారుకు తీసుకెళ్లండి అంటే, వద్దు, ఎక్కడైనా కూర్చోబెట్టి మర్చిపోతానేమో అంటారు. అంతకు ముందు ఇలా ఉండేవారు కాదమ్మా. ఆ ఓవెన్ గొడవ అయిన దగ్గర నుంచీ.”

బాబాయ్ లోపలికొచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. ఆమెను చూసి ముఖం విప్పారింది. ఎన్నాళ్లకి అమ్మాయ్ అన్నాడు. కొండ పూసిందటగా, పేపర్లో చూశాను అన్నాడు.

సాయం అడగడానికి వచ్చిన మనిషి అడగలేకపోయింది. అడగడానికి ముందు ఇంకో మాట ఉంది. తొమ్మిదేళ్లు కడుపులో దాచుకున్నది ఆ కుర్చీలో కూర్చున్నాక రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

“బాబాయ్, ఆ రోజు ఓవెన్ పెంచింది నేను.”

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. మైనం పేరుకుందనుకున్నానని, అరగంటకని తిప్పానని, ప్రొఫెసర్ పిలిచాడని, మర్చిపోయి బస్సెక్కానని.

“ఏ రోజు?” అన్నాడాయన.

“శుక్రవారం. మధ్యాహ్నం.”

“శుక్రవారం నేను ఆసుపత్రిలో ఉన్నా.” ఎవరితోనో లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. “అయితే గురువారం నేను పెట్టింది యాభై ఎనిమిదే.”

“యాభై ఎనిమిదే బాబాయ్.”

ఆయన తన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. కింద షాపులో ఎవరో చక్రం గిర్రున తిప్పుతున్నారు.

“ఉద్యోగం మార్చారని నాకు బాధ లేదు,” అన్నాడు. “సీసాలు కడగడం కూడా పనే. కానీ ఇంతకాలం నా చేతుల్ని నేను నమ్మలేదు. పెట్టిన వస్తువు పెట్టానో లేదో, వేసిన తాళం వేశానో లేదో. నాకు బుర్ర పోతోందనుకున్నాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను, ఈవిడకి తెలియకుండా.” లేచి తలుపు తీసి, “ఇక వెళ్లండి మేడమ్,” అన్నాడు.

అమ్మాయ్ అన్న పిలుపు పోయింది. ఆమె లేచి వచ్చేసింది. ఇంటికెళ్లి అక్కకు చెప్పింది. అక్క ఓదార్చలేదు. ఇన్నాళ్లూ నాకు కూడా చెప్పలేదే అని మాత్రం అంది. ఆ తర్వాత ఇద్దరికీ అన్నం వడ్డించింది.

వారం తర్వాత, ఉదయం పదింటికి, బాబాయ్ ప్రయోగశాల గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. దిమ్మెలు ఎక్కడున్నాయి మేడమ్ అన్నాడు. కోత కుదరడం లేదని అడ్రసిచ్చిన ఆఫీసు వాళ్లే చెప్పి ఉంటారు. ఎందుకొచ్చాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె కోసం కాదని మాత్రం తెలుస్తూనే ఉంది. తొమ్మిదేళ్లకొకసారి పూసే పువ్వు పాడైపోతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాడేమో. లేక తన చేతులు తనవేనా అని చూసుకోవడానికి వచ్చాడేమో.

ముందు ఆమె చేసిన దిమ్మెలు వెలుతురుకు ఎత్తి చూసి, సగం పక్కన పడేశాడు. మిగిలినవి కరిగించి మళ్లీ పోశాడు. కత్తి తానే నూరుకున్నాడు. మొదటిరోజు చక్రం తిప్పబోతూ ఓవెన్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లి మీట చూసొచ్చాడు. రెండో రోజు రెండుసార్లు. ఆ తర్వాత ఆమె లెక్కపెట్టడం మానేసింది. రిబ్బను మాత్రం మునుపటిలాగే జారింది. పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. కాఫీ తెప్పిస్తే, అలవాటు మానేశానండి అన్నాడు.

ఆయన కోసినవాటికి ఆమె రంగు వేసి ఒక్కొక్కటీ చూస్తూ వచ్చింది. అండం కొసన రంధ్రం దగ్గర నాళం కోసం వెతికింది. పుప్పొడి అద్దిన ఆరు గంటలకు కోసిన అండాల్లో లేదు. పన్నెండు గంటల వాటిలో లేదు. ఇంకా రాలేదేమో అనుకుంది. ఇరవై నాలుగు గంటల అండాల్లో పిండకోశం లోపల, నాళం చేరినప్పుడు చితికే సహాయకణం ఒకటి అప్పటికే చితికిపోయి ఉంది. అంటే నాళం వచ్చేసింది. కొసన మాత్రం రంధ్రం మూసుకుని, ఏ గుర్తూ లేకుండా, శుభ్రంగా ఉంది.

పదకొండో రోజు దొరికింది. పద్దెనిమిది గంటల అండం. నాళం కొస వైపు రానేలేదు. అండం కాడ అంటుకునే అడుగు వైపు నుంచి దూరి, కణాల మధ్య సందు చేసుకుంటూ, పక్కగా పైకి పాకి, పిండకోశం పక్కకు చేరింది. ఎర్రటి దారపు పోగులా స్పష్టంగా కనిపిస్తోంది. తాను బొమ్మలో గీసిన చోటికి సరిగ్గా ఎదురు దిక్కు.

ఆమె చాలాసేపు కంటి గొట్టం మీద నుంచి ముఖం ఎత్తలేదు. తర్వాత లేచి, ఒకసారి చూడండి బాబాయ్ అంది. ఆయన కూర్చుని, మీట అటూ ఇటూ కొద్దిగా తిప్పుకుని చూశాడు.

“కింద నుంచి వస్తోంది కదా ఇది.”

“అవును.”

“మీ పుస్తకంలో పై నుంచి కదా ఉంది.”

“అది చూసి గీసింది కాదు బాబాయ్. మాడిపోయాయి కదా. ఉత్తినే గీశాను.”

ఆయన లేచాడు. వెళ్లి మళ్లీ చక్రం ముందు కూర్చున్నాడు. ఇంకా ఎనిమిది రోజులు పనిచేసి, మిగిలిన దిమ్మెలన్నీ పూర్తిచేసి, కత్తి తుడిచి పెట్టెలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె రెండు ఉత్తరాలు రాసింది. ఒకటి వృక్షశాస్త్ర పత్రికకు, కొత్త ఫలితం వ్యాసంతో పాటు, తన పాత బొమ్మ చూడకుండా గీసినదని. ఇంకొకటి ప్రిన్సిపాల్‌కు, ఓవెన్ సంగతి. ప్రిన్సిపాల్ మంచివాడే. తలుపు వేసి, కొత్త ఫలితం రాసుకుంటే సరిపోయేదానికి పాతది ఎందుకు తవ్వుకుంటారని నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. ముగ్గురితో కమిటీ వేశారు. డాక్టరేటు తియ్యలేదు గానీ మందలింపు రాశారు. విభాగాధిపతి పదవి ఆమె కంటే నాలుగేళ్లు చిన్నవాడైన ఒకాయనకు వెళ్లింది. ఆమె బోర్డు మీద బొమ్మ దిద్ది చెబుతుంటే పాఠం మధ్యలో ఒక విద్యార్థిని లేచి, మేము పరీక్షలో పై నుంచి అని రాశాం కదండీ, మా మార్కులు పోతాయా అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి ఆగిపోయింది.

బాబాయ్ సర్వీసు పుస్తకంలో ఆ నిర్లక్ష్యం అన్న మాట కొట్టేయించాలని ఆమె ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగింది. రిటైరైన వాళ్ల పుస్తకం తిరిగి తెరవడానికి నిబంధన లేదన్నారు. కావాలంటే మీ ఉత్తరం వెనకాల కుట్టి పెడతామన్నారు. కుట్టి పెట్టారు.

పత్రిక అచ్చయి వచ్చేసరికి ఏడాది గడిచింది. వ్యాసం పైన ఇద్దరి పేర్లు ఉన్నాయి, బాబాయ్‌ది ముందు, తనది తర్వాత. రెండు కాపీలు పట్టుకుని ఆమె సైకిల్ షాపు మీదికి వెళ్లింది. బాబాయ్ కిటికీ దగ్గర కూర్చుని మనవరాలికి పెన్సిలు చెక్కుతున్నాడు. ఆమెను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. భార్య కుర్చీ చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పేరున్న పేజీ దాటేసి, ఫోటోల పేజీ తెరిచాడు. ఒక్కొక్కటే వేలు పెట్టి చూశాడు.

“మూడో దాంట్లో మడత పడింది,” అన్నాడు. “ఇది వెయ్యకుండా ఉండాల్సింది.”

నాళం మొత్తం ఒక్క చోట కనిపించింది అందులోనేనని ఆమె చెప్పింది.

ఆయన ఇంకోసారి చూశాడు. “అయితే సరే,” అన్నాడు.

పత్రిక మూసి భార్యకిచ్చాడు. ఆమె ఇంకాసేపు కూర్చుంది. పిల్ల పెన్సిలు కోసం చెయ్యి చాపింది, ఆయన మొన ఊది చేతికిచ్చాడు. ఇక వెళ్తానని ఆమె లేస్తే, మెట్ల మీద రెండో మెట్టు విరిగింది, చూసి దిగమని ఆయన భార్య చెప్పింది.